కంపోజిటరు సమాధానం, ఆఖరి పదహారు పేజీలు

సమాధానం నెల్లూరులో పద్మనాభయ్యగారి ప్రెస్సులో పదకొండేళ్ళు అక్షరాలు కూర్చినాడు. పెళ్ళి శుభలేఖలు, కోర్టు కాగితాలు, చర్చి పంచాంగాలు, డిటెక్టివు నవలలు, ఏది వచ్చినా ఆ వేళ్ళ మీదుగానే పోవాలి. కేసు అనే గడుల పెట్టెలో ఏ గడిలో ఏ అక్షరం ఉందో కళ్ళు మూసుకొని చెప్పగలడు. కాని ఇంటికి పోయి తన బిడ్డను ఎత్తుకోవాలంటే మాత్రం సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కోవలసిందే. అచ్చు అక్షరాల్లో ఉండేది సీసం. అది విషమని, చంటిపిల్లలకు మరీ చెడ్డదని అతనికి తెలుసు. ఆ సంగతి ఉన్న కరపత్రం కూర్చింది తనే.

ప్రెస్సులో అతను మొదట నేర్చుకున్నది పని కాదు, ఒక కట్టడి. చేరిన కొత్తలో ఎవరో ప్లీడరుగారి కాగితంలో లెక్క తప్పిందని తనే దిద్దినాడు. పద్మనాభయ్యగారు అతన్ని పిలిచి, "కాపీలో ఏముంటే అది కూర్చు. నీ తెలివి ఇంట్లో పెట్టి రా" అన్నారు. ఆ రోజు నుంచి సమాధానం కళ్ళకు తప్పు కనపడినా నోరు కదపలేదు.

1961 ఎండాకాలంలో అతను సముద్రపు ఒడ్డున మైపాడులో తొమ్మిది రోజులు ఇరుక్కుపోవడానికి ఆ కట్టడే కారణం.

ఆ ఏడు జనవరిలో చెంచురామయ్య అయ్యవారి సముద్రపు డిటెక్టివు నవల మొదటి భాగం వచ్చింది. ఆయన బడి నుంచి రిటైరైన మనిషి. పద్మనాభయ్యగారు వేసిన పుస్తకాల్లో అంతగా అమ్ముడుపోయింది ఇంకోటి లేదు. రెండో భాగం మార్చిలో వస్తుందని వెనక అట్ట మీద ప్రకటన వేసినారు. మార్చి పోయింది. చందాదారులకు ఒక కార్డు వెళ్ళింది: కాగితం కొరత. ఏప్రిల్‌లో ఇంకో కార్డు: రచయితగారికి అస్వస్థత. ఆ నెలాఖరుకు మూడోది: బొమ్మల బ్లాకులు మద్రాసు నుంచి రావలసి ఉన్నది. మూడు కార్డులూ కూర్చింది సమాధానమే. మూడూ అబద్ధాలని తెలిసే కూర్చినాడు.

పాఠకులు మాత్రం మూడూ నమ్మినారు. కావలి నుంచి ఒకాయన రెండు దస్తాల తెల్లకాగితం పార్సిలు చేసినాడు. కోట నుంచి ఎవరో కషాయం పొడి, ఎట్లా కాచుకోవాలో చీటీ రాసి మరీ పంపినారు. పద్మనాభయ్యగారు ఆ పొట్లం బల్ల మీద పెట్టుకొని చాలాసేపు చూసినారు. నాలుగో కార్డు వేద్దామంటే కేసులో అక్షరాలు లేవు. రెండో భాగంలో ముప్పై రెండు పేజీలు కూర్చి, తాళ్ళతో కట్టి రాతిబల్ల మీద పెట్టి ఉన్నాయి. ఆఖరి పదహారు పేజీలు వస్తే గాని వాటిని అచ్చుకు పంపవద్దని అయ్యవారి మాట. ప్రెస్సులో ఉన్న అక్షరాలన్నీ వాటిలో చిక్కుకొని ఉన్నాయి. తమ దగ్గరికొచ్చిన శుభలేఖలను ఎదురు వీధి ప్రెస్సుకు పంపుతున్నారు.

మే నెలలో ఒకనాడు పద్మనాభయ్యగారు అయ్యవారిని మైపాడుకు తీసుకుపోయి, ఒక బియ్యం వర్తకుడి తాటాకుల ఇంట్లో కూర్చోబెట్టినారు. కూడా సమాధానాన్ని పంపినారు. అయ్యవారి చేతిరాత చదవగలిగింది అతనొక్కడే.

"బయట తాళం వెయ్యి. చెవి నీ మొలతాడుకు కట్టుకో. ఎవ్వరినీ లోపలికి పోనీయబాక" అన్నారు. "ఆఖరి కాగితం చేత్తో పట్టుకోకుండా నువ్వు నెల్లూరులో బస్సు దిగితే, ఇక మన గడప తొక్కే పన్లేదు. హజరత్తయ్యకు కూడా చెప్పినా, నిన్ను ఎక్కించుకోవద్దని."

హజరత్తయ్య మైపాడు బస్సు డ్రైవరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి పోతాడు.

మూడు రోజుల పని అనుకొని సమాధానం రెండు చొక్కాలు తెచ్చుకున్నాడు. లోపల అయ్యవారు 'పద్దెనిమిదో ప్రకరణం' అని రాసి, కింద గీత గీసి, కాగితం నలిపేసేవారు. మళ్ళీ ఇంకో కాగితం తీసి అదే రాసేవారు. కిటికీ ఊచలకు తల ఆనించి, "సమాధానం, ఆ సముద్రాన్ని కొంచెం సేపు ఊరుకోమని చెప్పరాదా" అనేవారు.

"నా మాట వినదయ్యవారూ."

"మీ ప్రెస్సు సారు మాటైతే వింటుందేమో. కబురు పెట్టు."

నాలుగో రోజు అన్నం పళ్ళెం లోపల పెట్టబోయినప్పుడు సమాధానానికి అసలు సంగతి కనపడింది. బల్ల మీద మొదటి భాగం తెరిచి ఉంది. నలభై ఆరో పేజీ. ఒక వాక్యం చుట్టూ పెన్సిలుతో గీత. ఆ వాక్యం అతను గుర్తుపట్టినాడు. పడవ సరంగుకు మోకుతాడులో పడి కుడిచేతి బొటనవేలు తెగిపోయిందని అందులో ఉంది. అదే పుస్తకం ఆఖరి పేజీలో, హత్య జరిగిన గది కిటికీ మీద, సిరాతో కుడి బొటనవేలి ముద్ర దొరుకుతుంది. ఆ ముద్రతోనే సరంగును పట్టించాలని అయ్యవారు కథంతా నడిపినారు.

సమాధానం ఆ తప్పును జనవరికి ముందే చూసినాడు. ఆఖరి పేజీ కూరుస్తున్నప్పుడు అతని చెయ్యి ఆగింది. వేలు లేనివాడికి వేలిముద్ర ఎట్లా వస్తుంది అనుకున్నాడు. తెలివి ఇంట్లో పెట్టి రమ్మన్న మాట గుర్తుకొచ్చి, కాపీలో ఉన్నది ఉన్నట్టు కూర్చినాడు. ఇప్పుడు ఆ పుస్తకాలు మూడు వేల ఇళ్ళల్లో ఉన్నాయి. వెనక్కి తెచ్చి దిద్దడానికి లేదు. అయ్యవారికి ఆ సంగతి ఎప్పుడో తెలిసిపోయింది. బయటికి చెప్పుకోలేక ఆయన, అప్పుడే చూసినానని ఒప్పుకోలేక తను. పళ్ళెం పెట్టి బయటికొచ్చి మళ్ళీ తాళం వేసినాడు.

ఐదో రోజు హజరత్తయ్య ఒక చీటీ తెచ్చినాడు. సమాధానం భార్య ప్రేమలీల రాసింది. ఆమెకు ఏదైనా అంకెల్లో చెప్పడం అలవాటు. 'పాపకు విరేచనాలు. రాత్రి నుంచి ఆరు. బార్లీ నీళ్ళు పది చెంచాలు తాగింది. జ్వరం నూటొకటి.' పాప నవోమికి ఏడు నెలలు. ఏడో రోజు చీటీలో, 'ఎనిమిది. ఐదు చెంచాలు తాగింది. మాడు కొంచెం దిగింది. నాలుక తడిగానే ఉంది. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ నీళ్ళు మానవద్దన్నది' అని ఉంది.

ఇసక మీద కూర్చొని సమాధానం ఆ చీటీని నాలుగుసార్లు చదివినాడు. సీసం సంగతి ఉన్న కరపత్రంలోనే పసిపిల్లల విరేచనాల సంగతి కూడా ఉంది. ఒంట్లో నీళ్ళు తగ్గితే మొదట నడినెత్తిన మెత్తని మాడు లోపలికి దిగుతుంది, తర్వాత నాలుక ఎండుతుంది, ఆ తర్వాత ఏడిచినా కన్నీళ్ళు రావు. ఆ వాక్యం పేజీకి పట్టక, మాటల మధ్య సందులు తగ్గించి ఇరికించినాడు. ఇరికించినప్పుడు అతనికది ఉత్త వాక్యమే.

తొమ్మిదో రోజు పొద్దున బస్సులో వచ్చిన చీటీలో ఒక్కటే వరస ఉంది. 'ఏడుస్తోంది. కన్నీళ్ళు రావడం లేదు.'

అతను బస్సు మెట్టు మీద కాలు పెట్టినాడు.

"దిగు సమాధానం" అన్నాడు హజరత్తయ్య, అతని వైపు చూడకుండా.

"అన్నా, పాపకి కన్నీళ్ళు రావడం లేదంటన్నా."

"వెనక సీట్లో చెక్కింగాయన ఉండాడు. మా ఓనరూ మీ ఓనరూ వియ్యంకులు. నా ఉద్యోగం నీ ఉద్యోగం రెండూ ఒకే దెబ్బకు పోతాయి." స్టీరింగు మీద తుండుగుడ్డతో తుడిచిందే తుడిచినాడు. "నాలుగు గంటల బండికి రా. నేను నిన్ను చూడను. నువ్వు ఎక్కింది నాకు తెలవదు."

కాగితాలు వచ్చినా రాకపోయినా నాలుగు గంటల బండికి పోవాలని సమాధానం అప్పుడే అనుకున్నాడు. ఉద్యోగం పోతే పోనీ. కాని నాలుగు కావాలంటే ఇంకా ఆరు గంటలు ఉంది. ఆరు గంటల్లో ఏడు నెలల బిడ్డ ఒంట్లోంచి ఎన్ని నీళ్ళు పోతాయో లెక్క వేయకుండా ఉండలేకపోయినాడు.

అదే బస్సులోంచి చేతిలో కూజా, చంకలో సంచీతో ఒకామె దిగింది. నలభై ఐదేళ్ళుంటాయి. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు.

"అబ్బాయ్, నవల రాసే అయ్యవారు ఉండే ఇల్లు ఏది?"

"ఇక్కడ ఎవరూ లేరమ్మా."

"మొలకు తాళంచెవి కట్టుకొని లేరంటావే. అయ్యవారు మద్రాసులో ఉండాడని మీ సారు చెప్పినాడు. మీ సారు భార్య మైపాడులో అని చెప్పింది. నేను ఆడదాని మాటే నమ్మినా." ఆమె ఇసకలోనే కూజా దించింది. "నా పేరు వెంకటశేషమ్మ. మాది కోట. కషాయం పొడి పంపింది నేనే. తాగినాడా లేదా ఆయన?"

ఆ పొట్లం ఇంకా పద్మనాభయ్యగారి బల్ల మీదే ఉందని సమాధానం చెప్పలేకపోయినాడు. "ఎవరినీ లోపలికి పోనీయవద్దన్నారమ్మా" అన్నాడు.

"పోనీయబాక. ఇక్కడే కూర్చుంటాం. అయినా కొంచెం చెప్పు. మా ఇంటి అరుగు మీద మొదటి భాగం ఐదుసార్లు చదివించినారు నా చేత. మా ఊళ్ళో అందరూ సరంగే చంపినాడంటారు."

"చంపలా" అన్నది పక్కనున్నామె, వాదనకు అలవాటు పడిన గొంతుతో.

"ఈమె ఒక్కతే నా పక్షం" అన్నది వెంకటశేషమ్మ. "ఎట్టా చంపుతాడబ్బాయ్? వాడికి బొటనవేలే లేకపాయె. నలభై ఆరో పేజీలో రాసిపెట్టినాడు గదా. ముద్రేమో బొటనవేలిది. వేలు తెగినప్పుడు మందేసిన డాక్టరు ఎవరు? ఆ డాక్టరే. తెగిన వేలు సీసాలో దాచిపెట్టుకోనుంటాడు. ఆ వేలితోనే ముద్ర వేసి సరంగు నెత్తిన రుద్దినాడు. వేలు లేదన్న సంగతి ఆ కథలో ఊరికి తెలవదు, ఎప్పుడూ గుడ్డ చుట్టుకొని ఉంటాడు గదా. అయ్యవారు ఎంత నేర్పుగా ముందే పెట్టినాడో చూడు."

సమాధానం ఆమె ముఖం చూసినాడు. తను తప్పనుకొని దాచినదాన్ని, అయ్యవారు తప్పనుకొని కుమిలిపోతున్నదాన్ని, ఈమె కోటలో అరుగు మీద కూర్చొని నేర్పు అనుకున్నది.

అతను మొలతాడు నుంచి చెవి విప్పి తాళం తీసినాడు.

"అయ్యవారూ, నలభై ఆరో పేజీ సంగతి నాకు కూర్చినప్పుడే తెలుసండీ. చెప్పకపోవడం నాదే తప్పు. ఇప్పుడు ఈమె చెప్పేది వినండి."

చెంచురామయ్యగారు లేచి నిలబడినారు. కోప్పడతారనుకున్నాడు. ఆయన వెంకటశేషమ్మ చెప్పిందంతా విని, "సీసా" అని ఒక్క మాట అన్నారు. తర్వాత అందరినీ బయటికి పొమ్మని చెయ్యి ఊపి, తలుపు లోపలి నుంచి గడియ వేసుకున్నారు.

కాగితాలు తలుపు కింద నుంచి ఒక్కొక్కటే రావడం మొదలైంది. సమాధానం గడప ముందు కూర్చొని ఏరి, వరస పెట్టినాడు. ఆడవాళ్ళు చదవమని అడిగితే మోకాలి కింద పెట్టుకున్నాడు. పదకొండు కాగితాలు. పదిహేను. బస్సు వచ్చి నిలిచింది. నాలుగైంది. నాలుగుంపావైంది. ఎండలో జనం గొణుగుతున్నారు. హజరత్తయ్య బానెట్టు ఎత్తి, బాగానే ఉన్న ఇంజనులో ఏదో వెతుకుతున్నాడు.

ఆఖరి కాగితం మీద సిరా ఆరలేదు. దాన్ని రెండు వేళ్ళతో అంచు పట్టుకొని సమాధానం పరుగెత్తినాడు.

నెల్లూరులో బస్సు దిగేచోట, రోజూ సాయంత్రం బండికి వచ్చి చూసే పద్మనాభయ్యగారు నిలబడి ఉన్నారు. సమాధానం కట్టను కిటికీలోంచే ఆయన చేతిలో పెట్టి, రెండో వైపు దిగి ఇంటికి నడిచినాడు. వెనక నుంచి, "ఇది ఎవరు చదవాల? ఎవరు కూర్చాల?" అన్న కేక వినపడింది.

ఇంట్లో దీపం పెట్టే వేళ. తొమ్మిది రోజులు అక్షరం ముట్టని చేతులు, పెళ్ళైన తర్వాత అంత తెల్లగా ఎప్పుడూ లేవు. బిడ్డను ఎత్తుకున్నాడు. బరువు తగ్గింది ఎంతో చేతికి తెలిసింది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. "డాక్టరమ్మ సూదితో నీళ్ళెక్కించింది. మధ్యాహ్నం నుంచి రెండుసార్లే" అన్నది ప్రేమలీల. నవ్వలేదు. తగ్గిందని కూడా అనలేదు. అంకె మాత్రం చెప్పింది.

తెల్లారేసరికి కేసులు వాకిట్లో ఉన్నాయి. కట్టిపెట్టిన ముప్పై రెండు పేజీలూ తెల్లవార్లూ అచ్చువేసి, అక్షరాలు విప్పి, కేసులు నింపి బండి మీద పంపినారు పద్మనాభయ్యగారు. వెనకే తనూ వచ్చినారు. రాత్రికి నెల్లూరు చుట్టాలింట్లో ఉండిపోయిన వెంకటశేషమ్మా వచ్చింది.

"మీ ఇంట్లోనే కూర్చు. బిడ్డ దగ్గరే ఉన్నట్టుంటుంది" అన్నారాయన, ఉదారంగా.

"గడప లోపలికి సీసం రాకూడదు సార్" అన్నది ప్రేమలీల. ఆమె గొంతు పెద్దది కాలేదు. కూలీలు ఎత్తిన కేసును మళ్ళీ దించినారు.

సమాధానం వాకిట్లో తాటాకు పందిరి కింద నిలబడి పద్దెనిమిదో ప్రకరణం కూర్చడం మొదలుపెట్టినాడు. తెరిచిన తలుపులోంచి ఉయ్యాల కనపడుతున్నది. నాలుగడుగుల దూరం. మొదటి వరసకే వేళ్ళు నల్లబడినాయి. ఇక పని అయ్యేదాకా ఆ నాలుగడుగులు దాటడానికి లేదు. మైపాడులో ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్నప్పటికంటే ఇదే కష్టంగా ఉంది.

పదో పేజీలో ఉండగా లోపల పాప ఏడిచింది. నిన్నటి మూలుగు కాదు. గొంతు నిండా ఏడుపు. అతని చేతిలో 'సీసా' అన్న మాటకు రెండో అక్షరం ఉంది. అది వరసలోకి పోలేదు.

"కన్నీళ్ళు వస్తా ఉండాయా?" అని అడిగినాడు.

లోపల ఉయ్యాల తాడు కిర్రుమనడం ఆగింది. ప్రేమలీల బిడ్డను వెలుగుకు తిప్పి చూస్తున్నట్టుంది.

"కుడికంట్లో వచ్చింది" అన్నది. "ఉండండి. ఎడమకంట్లో కూడా."

సమాధానం అక్షరాన్ని దాని గడిలో వేసి కేసు దగ్గర నుంచి కదిలినాడు.

"ఇంకా ఆరు పేజీలుండాయి గదా" అన్నారు పద్మనాభయ్యగారు.

"డాక్టరేనా? అంతమాత్రం చెప్పి పో అబ్బాయ్" అన్నది వెంకటశేషమ్మ.

"చేతులు కడుక్కొని వస్తానమ్మా" అన్నాడు సమాధానం.

తొట్టి దగ్గర మూడుసార్లు సబ్బు రుద్దినాడు. గోళ్ళ సందుల్లో నలుపు కనపడితే నాలుగోసారి రుద్దినాడు. లోపలికి పోయినాడు. వాకిట్లో వాళ్ళిద్దరూ పందిరి కింద, సగం కూర్చిన పేజీకి చెరో పక్క, దీపాలు పెట్టేదాకా కూర్చున్నారు.