హక్కు వదిలిన మాట

సోమవారం పొద్దున పదకొండింటికి, నాందేడ్ రిజిస్ట్రీ ఆఫీసులో మొదలైంది. భోకర్ చేనులో తన వాటా తమ్ముడికి వదులుకుంటూ మా ఆడబిడ్డ హక్కసోడ్ పత్రం మీద సంతకం పెట్టాలి. ఆ తమ్ముడు నా భర్త. ఆమె ఇంగ్లీషు టీచరు. ఏ మాటకైనా కళ్ళద్దాలు తీసి పుట్టుక చెప్పేది.

"దీన్ని ఇంగ్లీషుల వేవర్ అంటరు తమ్మి. యజమాని లేక తిరిగే పశువును పిలిచే మాటకెల్లి అచ్చిందట."

"అక్కా, గిది బడి కాదు. సంతకం పెట్టు."

నవ్వి పెట్టింది. ఆనవాయితీగా ఆయన చీర ఇవ్వబోతే చేయి చాపలేదు.

"అడిగితె ఊకెనే ఇద్దును తమ్మి. నువ్వు అడుగలేదు, సీదా సంతకానికి పిలిపించినవ్."

ఆ ఏడు రాఖీకి రాలేదు, తరువాతా రాలేదు. పోయినవి ఇవి: ఆమెకు చేను, ఆయనకు అక్క, నాకు మధ్యాహ్నాలు తోడు కూర్చునే ఒకే ఒక్క మనిషి.