కడిగి పంపిన గోంగూర

మా కెమిస్ట్రీ మేడమ్ పోయారని మొన్న ఉదయం ఫోనొచ్చింది. గుంటూరులో నాకు డిగ్రీ చెప్పిన ఆవిడ. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు, ముందు భయం వేసింది. ఇకమీదట ఏది తినొచ్చో, ఏది తినకూడదో ఎవరిని అడగాలి?

ఆవిడ ఎవరినీ తొందరపడి ఊరడించేవారు కాదు. "బాగానే ఉంటుందిలే" అన్న మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. ల్యాబులో మేం అనుకున్న రంగు రాకపోయినా వచ్చిందని చెప్పబోతే, "నాకేం కావాలో చెప్పకు, నీకేం కనపడిందో చెప్పు" అనేవారు. చాక్‌పీసు పొడి చీరకి అంటకుండా రెండు చేతులూ ఎడంగా పట్టుకుని నడిచేవారు. వెనక మేమూ అలాగే నడిచి నవ్వుకునేవాళ్లం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను పురిటికి పుట్టింటికి వచ్చాను. అప్పటికే మా ఊరి పక్కన పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్డు వెలిసింది. దాని పొగ మిరపచేల మీదా, మా పెరటి గోంగూర మీదా వాలేది. నాకు నోటికి ఏదీ సహించని రోజులవి. గోంగూర ఒక్కటే దిగేది, రెండు పూటలా అదే తిన్నాను. ఆ షెడ్డు పక్కన మేసిన గేదెలు చచ్చిపోయాయని విన్నాక మాత్రం ఆ పూట ముద్ద ముట్టలేదు. మేడమ్‌కి ఫోన్ చేశాను.

"ఆకు ఎలా ఉంటే అలా కోసి పంపించు, చూస్తాను" అన్నారు.

మా అమ్మకి ఆ మాట నచ్చలేదు. చదువు చెప్పిన ఆవిడకి దుమ్ముకొట్టిన ఆకు పంపుతామా! ముదురాకు ఏరేసి, పసుపు నీళ్లలో జాడించి, మళ్లీ మంచినీళ్లలో కడిగి, తడిగుడ్డలో చుట్టి నాన్న చేత పంపింది.

మేడమ్ ఫోన్లో నవ్వారు. "ఇది చుట్టాలకి పంపే గోంగూరమ్మా. సరే, దీన్నీ చూస్తాను. కడగని ఆకు కూడా పంపించు."

ఆకు ఎండబెట్టి, యాసిడ్‌లో కరిగించి, యూనివర్సిటీలో ఉన్న యంత్రం మీద సీసం ఎంతుందో కొలవాలి. దానికోసం ఆవిడ ఎవరెవరినో బతిమాలుకున్నారట. నాకు రోజులు గడిచేవి కావు. కడుపులో బిడ్డ కదిలితే భయం, కదలకపోతే ఇంకా భయం. ఉండబట్టలేక మళ్లీ ఫోన్ చేస్తే, "ఒకసారి కొలిచాను. ఇంకోసారి చూస్తేగాని చెప్పను" అన్నారు. పట్టరాని కోపం వచ్చింది. ఒక్క అబద్ధం చెబితే ఆవిడ సొమ్మేం పోయింది?

చివరికి ఆవిడే బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. మంచినీళ్లు తాగి, నేరుగా అమ్మతో చెప్పారు.

"కడగని ఆకులో సీసం చాలా ఉంది. కడిగినదాంట్లో తగ్గింది గాని, అదీ తినదగ్గట్టు లేదు. పైన దుమ్మే అయితే పోయేది, ఆకు లోపలికే ఎక్కింది. మీరు కడిగి పంపబట్టే ఈ సంగతి తేలింది అక్కయ్యగారూ."

"అన్ని నీళ్లు పోసి కడిగాను గదండీ" అంది అమ్మ, తప్పు తనదైనట్టు.

"బిడ్డకేమన్నా అవుద్దా మేడమ్?" అన్నాను.

"నాకు తెలియదమ్మా. ఇవాళ్టి నుంచి తినకు. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను."

అన్నట్టే వచ్చారు. పాప పుట్టాక రక్తపరీక్ష చేయించిందీ ఆవిడే. పాప ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. అయినా అది ఏ చిన్న సంగతి మర్చిపోయినా, ఆ సీసం మెదడుకి పట్టిందేమోనని భయపడతాను. ఏటా దాని పుట్టినరోజుకి మేడమ్ ఫోన్ చేసి, "అమ్మాయి ఎలా చదువుతోంది?" అని అడిగేవారు. ఆ అడగటంలో ఉన్న భయం మా ఇద్దరికే తెలుసు. నాతోపాటు ఆ భయాన్ని ఇన్నేళ్లు మోసినందుకు ఆవిడకి ఎంతో రుణపడి ఉన్నాను.

ఆకు సంగతి చెప్పిన ఆ రోజు ఆవిడ లేవబోతుంటే, అమ్మ లోపలికెళ్లి అదే పెరటి ఆకుతో ఏడాదికని పెట్టిన గోంగూర పచ్చడి జాడీ ఎత్తుకొచ్చింది.

"దీన్నేం చెయ్యమంటారండీ? దిబ్బలో పోస్తే ఎరువుతోపాటు మళ్లీ చేలోకే పోద్ది. కాలవలో వేస్తే కింద ఊరోళ్లు తాగుతారు. గొయ్యి తీసి పూడుద్దామంటే పక్కనే బావుంది. ఎక్కడ పారబొయ్యమంటారు?"

"నాకూ తెలియదు అక్కయ్యగారూ" అన్నారు మేడమ్. బరువుగా ఉందని జాడీని ఇంకోవైపు తనూ పట్టుకున్నారు. ఇద్దరూ దాన్ని కింద దించకుండా, ఎటూ కదలకుండా, వాకిట్లో ఎండలో అలాగే నిలబడిపోయారు.