తారుమారైన తరగతి బోర్డులు

మా అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అలాంటి మనిషిని, యూనివర్సిటీలో కొత్తగా చేరే పిల్లలకు తోడుండే పనికి తీసుకున్నవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. జీతం లేదు. ఇచ్చిందల్లా ఒక పసుపు టీషర్టు. ఉతికేటప్పుడు కూడా దాన్ని నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ఒక ఏడాది వెనక చదువుతున్న నేనూ అదే పనిలో చేరాను.

మొదటిరోజు ఫొటోలు బాగా రావాలని, తరగతి తలుపులకు రిబ్బన్లు కట్టమన్నాడు మా పైన ఉండే సంక్షేమాధికారి. తలుపుల మీది సెక్షన్ బోర్డులు దింపి, రిబ్బన్లు కట్టి, మళ్లీ తగిలించాం. ఆ హడావిడిలో పక్కపక్క గదుల బోర్డులు తారుమారయ్యాయి. పిల్లలు వాళ్లనీ వీళ్లనీ అడిగి ఎవరి సెక్షన్‌కు వాళ్లు చేరుకున్నారు. ఇక బోర్డులు సరిచేయాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది.

ఒక్క పిల్ల మాత్రం బోర్డునే నమ్మింది. రోజూ పక్క సెక్షన్‌లో ముందు బెంచీ మీద కూర్చుని శ్రద్ధగా రాసుకుంది. హాజరులో తన నంబరు పిలవకపోతే, ఇంకా ఎక్కించలేదేమో అనుకుందట. అక్క ఎదురుపడినప్పుడల్లా అంతా బాగుందా అని అడిగేది, ఆ పిల్ల బాగుందక్కా అనేది. అలా అడిగితే బాగాలేదని ఎవరు చెబుతారు?

హాజరు లేదు కాబట్టి పరీక్ష రాయనిచ్చేది లేదన్నారు. ఏడాది చదువు పోయినట్టే. హాస్టల్ గదిలో పెట్టె సర్దుకుంటున్న పిల్లను అక్క కూర్చోబెట్టి అడిగితే సంగతి బయటపడింది. అక్క ముందు ఆ పిల్లకు, తర్వాత నాకు, ఆ తర్వాత తనకు తనే చీవాట్లు పెట్టుకుని సంక్షేమాధికారి గదికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను.

ఆయన తాపీగా విన్నాడు. నోరు తెరిచి అడగకపోవడం ఆ పిల్ల తప్పేనట, మన పేరు బయటికి రానివ్వొద్దట. నాకు ఒళ్లు మండిపోయింది.

"అడగలేని పిల్లల కోసమే కదండీ మమ్మల్ని పెట్టారు? అడగగలిగేవాళ్లకి మేమెందుకు?" అంది అక్క.

నేరుగా విభాగం పెద్దమేడం దగ్గరకు వెళ్లి, బోర్డులు మార్చి తగిలించింది మేమేనని చెప్పేసింది. ఆ పిల్ల రోజూ వచ్చిందని పక్క సెక్షన్ మాస్టారు సాక్ష్యం పలికారు. పరీక్షకు ఒప్పుకున్నారు. పరువు తీసిందని సంక్షేమాధికారి అక్క టీషర్టు వెనక్కి తీసుకున్నాడు. నాదీ ఆయన మొహాన కొట్టబోతే, పిల్లల్ని చూసుకునేవాళ్లు ఒకరైనా ఉండాలి కదే అని అక్కే ఆపింది.

కొత్త పిల్లలతో జరిగిన తర్వాతి సమావేశంలో ఆయన మైకు పట్టుకుని, మా సేవ గురించి తెగ పొగిడాడు. నేను పళ్లు నూరుతూ నిలబడ్డాను. చివర్లో అలవాటు కొద్దీ, సందేహాలుంటే అడగమన్నాడు. ఎవరూ అడగరని ఆయన ధీమా.

ముందు వరసలో ఆ పిల్ల లేచింది.

"సార్, నిజం చెప్పిన అక్కని ఎందుకు తీసేశారు?"

తర్వాత మాట్లాడదాం, కూర్చోమ్మా అన్నాడాయన. ఆ పిల్ల కూర్చోలేదు.