ఒకటో పిన్ను ఎటు?

హుజూరాబాద్‌లో వెంకటేశ్ రిపేరు దుకాణంలో నవీన పనికి చేరి తొమ్మిదేళ్లయింది. స్టార్టర్ బోర్డులు, ఇన్వర్టర్లు, ఎలక్ట్రానిక్ కాంటాలు, ఏది వచ్చినా విప్పేది ఆమే. అయినా వచ్చినవాళ్లు ఆమెను చూసి "సేటు లేడా?" అని అడగడం మానలేదు. అలా అడగనిది బాలలక్ష్మి ఒక్కతే. ఊరి బయట రేకుల షెడ్డులో గుడ్లు పొదిగే మిషను పెట్టుకుని నాటుకోడి పిల్లల్ని అమ్మే ఆమె, ఏ పని పడ్డా నేరుగా నవీనకే ఫోను చేసేది.

ఆ రోజు పొద్దున్నే చేసింది.

"బిడ్డా, మిషిన్ల టప్పుమని సప్పుడయ్యింది. వేడి పడిపోతున్నది. తొమ్మిది వందల గుడ్లున్నయ్, పద్దెనిమిదో దినం, ఇంక మూడు దినాలల్ల పిల్లలైతయ్. జల్ది రా."

వెంకటేశ్ సామాను కోసం కరీంనగర్ వెళ్లాడు. నవీన పనిముట్ల సంచి భుజాన వేసుకుని స్కూటీ మీద బయలుదేరింది. వేడిని అదుపు చేసే బోర్డులో ఎనిమిది పిన్నుల ఐసీ, నల్లటి చిన్న చిప్పు, పేలిపోయి ఉంది. అలాంటిది ఆమె డబ్బాలో ఒక్కటే మిగిలింది.

ఐసీకి ఒక చివర చంద్రవంకలా చిన్న గంటు ఉంటుంది. గంటును ఎడమకు పెట్టుకుని చూస్తే, కింది వరుసలో ఎడమ చివరిది ఒకటో పిన్ను. అది ఆమెకు వెతుక్కోకుండానే తెలుసు. కానీ పేలిన ఐసీకి గంటు ఆనవాలే మిగల్లేదు, బోర్డు మీద ఒకటో పిన్ను చోటేదో చూపే అచ్చు గీత మాడి మసైపోయింది. మీటరు పెట్టి, నెగెటివ్‌కు కలిసే రంధ్రమేదో చూసుకుంటే తేలిపోతుంది. రెండు నిమిషాల పని.

"సల్లవడుతున్నయే నవీనా," అంది బాలలక్ష్మి, గుడ్ల మీద అరచేయి పెట్టి.

బోర్డు మీద మిగతా రెండు ఐసీల గంట్లు ఎడమకే ఉన్నాయి. ఇది కూడా అంతే అనుకుంది నవీన. అతికించి స్విచ్చు వేసింది.

సన్నగా పొగ లేచింది. వేలు పెట్టి చూస్తే ఐసీ చుర్రుమంది. పక్కనున్న భాగాలు కూడా పోయాయి.

"ఏమైంది?"

ఐసీయే పాడైనది వచ్చిందని చెప్పొచ్చు. బాలలక్ష్మి నమ్మేది.

"నేనే ఉల్టా పెట్టిన, అక్కా. సూసుకోలే."

బాలలక్ష్మి వంగి మళ్లీ గుడ్ల మీద అరచేయి పెట్టింది. తిట్టినా బాగుండుననిపించింది నవీనకు.

వెంకటేశ్‌కు ఫోను చేస్తే, కొత్త బోర్డు తెచ్చేసరికి సాయంత్రమవుతుందన్నాడు. నవీన హీటరు తీగను బోర్డు నుంచి విడదీసి నేరుగా స్విచ్చుకు కలిపింది. థర్మామీటరు ముందు పీట వేసుకుని కూర్చుంది. ముప్పై ఏడు దాకా పడితే వేయడం, ముప్పై ఎనిమిదికి ముందే ఆపడం. మొదట్లో ఆపిన తర్వాత కూడా వేడి ఎక్కుతూ పోయింది. ఒకసారి నలభై చూపించింది. తలుపు తెరిచి అట్టముక్కతో విసిరింది. అన్నం తినలేదు. బాలలక్ష్మి తెచ్చిన చాయ్ చల్లారిపోయింది. వెంకటేశ్ వచ్చి బోర్డు బిగించేసరికి అయిదు దాటింది.

నాలుగో రోజు నవీన ఎవరూ పిలవకుండానే షెడ్డుకు వెళ్లింది. పిల్లలు మూడు వందల డెబ్బై. ఎప్పుడూ ఏడు వందలకు తగ్గేవి కావు. బాలలక్ష్మి ఒక గుడ్డు పగలగొట్టి చూపింది. లోపల ముక్కు, ఈకలతో సహా నిండుగా తయారైన పిల్ల, కళ్లు మూసుకుని ఉంది.

"పొద్దుగాల వేడి పడిపోయినందుకు సచ్చినయో, తర్వాత సచ్చినయో, ఎవలకెర్క బిడ్డా," అంది బాలలక్ష్మి.

నవీన తలూపింది. తేల్చి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆ నలభై డిగ్రీలు మాత్రం ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు.

నెల తర్వాత మిషను మళ్లీ ఆగింది. ఈసారి దుకాణం ఫోను మోగింది. నవీనే ఎత్తింది.

"బాగున్నవా బిడ్డా?" అని అడిగింది బాలలక్ష్మి. కొంచెం ఆగి, "వెంకటేశ్ ఉన్నడా?" అంది.

"ఉన్నడక్కా," అని నవీన ఫోను అతని చేతికిచ్చింది.