మా కుక్కకు ఏమీ పెట్టకండి

బాపట్లలో మా తాతగారి మేడ అమ్ముడైపోయాక మా అమ్మ ఒక కట్టడి పెట్టింది. ఎవరింట్లోనూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు, జరగక వచ్చామనుకుంటారు. రేపల్లెలో ఈ రెండు గదుల అద్దె వాటాలోకి వచ్చాక కూడా నేను దాన్ని తప్పలేదు. వీధిలో అందరితోనూ వాకిట్లో నిలబడి పలకరింపు, అంతే.

ఈమధ్య మా కుక్కకు ఒళ్లంతా దురద పట్టుకుంది. పొట్ట కింద బొచ్చు ఊడిపోయింది, చెవుల వెనక పుండ్లు పడ్డాయి. వేపాకు నీళ్లు, కొబ్బరినూనె అన్నీ అయ్యాక ఆటో మాట్లాడుకుని తెనాలి తీసుకువెళ్లాను. డాక్టరమ్మ బొచ్చు పాయలు తీసి చూసి, పేలూ గోమార్లూ లేవంది.

"ఏదో తిండి పడట్లేదండి. రెండు నెలలు ఉడకబెట్టిన చేప, అన్నం, అంతే. వేరే మెతుకు కూడా నోట్లో పడకూడదు. అప్పటికీ తగ్గకపోతే బతికినన్నాళ్లూ మందులు వాడాలి."

"మా కుక్క బయట ముట్టదండి," అన్నాను నిటారుగా కూర్చుని.

ఆవిడ దాని గుండ్రటి పొట్ట తడిమింది. "ఒకసారి వీధిలో అడిగి చూడండి," అంది నవ్వుతూ.

మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని, కుక్కను గొలుసుతో పట్టుకుని బయల్దేరాను. అది నన్ను తిన్నగా టైలరుగారింటికి లాక్కుపోయి, గుమ్మం ముందు కూర్చుని తోక ఊపింది.

"ఏవండీ, ఇటు రండి! పిన్నిగారు మనింటికొచ్చారు!" అని టైలరుగారి భార్య కేక పెట్టింది.

"మా కుక్కకు ఏమీ పెట్టకండని చెప్పడానికొచ్చానమ్మా."

"అయ్యో, ఏం పెట్టామండి? రోజూ ఓ కోడిముక్క. మీ ఇంట్లో దానికి చాలట్లేదేమోననీ..."

చాలట్లేదా! తాతగారి వేటకుక్కల సంగతి ఎత్తబోయేలోపే నా చేతిలో సేమ్యా గిన్నె పెట్టేసింది.

"నేనెక్కడా తిననమ్మా."

"అయితే నేనూ మీ మాట విననండి. ఇప్పుడే దానికో ముక్క వేసేస్తా."

కుక్క మా ఇద్దరినీ ఆశగా చూసింది. గిన్నె అందుకున్నాను. ఏలకుల వాసన, నేతి జీడిపప్పు. ఎంత బాగుందో చెప్పలేను.

ఆ కబురు నాకంటే ముందే వీధి చివరికి చేరింది. డ్రిల్లు మాస్టారు ఉడికిన గుడ్డు చేత్తో పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు. "మీరు తింటారా, దానికి వేసేదా?" తిన్నాను. పాలమ్మే మామ్మ గ్లాసుడు పాలు తాగించి, "ఇన్నాళ్లూ ఏమైపోయావే పిల్లా?" అంది. పిల్లనట, ఈ వయసులో! ఆవిడ అరుగు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. తిండి మానాల్సిన కుక్క పక్కన కూర్చుని గుటకలు వేస్తోంది. నాకేమో లేవడానికి కూడా చోటు లేదు కడుపులో.

నేను తిన్నందుకు వాళ్లూ మాట తప్పలేదు, దానికేమీ వేయలేదు. నిజాంపట్నం చేప, ఉప్పులేని అన్నం తిని అది గోక్కోవడం తగ్గించింది. రెండు నెలలకు పొట్ట కింద కొత్త బొచ్చు పట్టుకుచ్చులా మెరిసింది.

ఇక పడనిదేదో తేల్చాలి. ఒక్కొక్కటే పెట్టి కొన్నాళ్లు చూడమంది డాక్టరమ్మ. వీధి వీధంతా పందెంలో పడింది. గుడ్డు నెగ్గింది. మాస్టారు రొమ్ము విరుచుకుని తిరిగాడు. పాలు నెగ్గాయి. కోడిముక్క పెట్టిన రెండు రోజులకే చెవి గోక్కుంది.

"నేనేనా ముద్దాయిని!" అని టైలరుగారి భార్య కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

కోడి మానేశాక మళ్లీ తెనాలి వెళ్లి చూపించాను. తిరిగొచ్చేసరికి వీధి మొదట్లోనే అందరూ కాచుకుని ఉన్నారు. ఆటో ఆగేదాకా నేనెక్కడ ఆగాను? తల బయటపెట్టి, "మందులక్కర్లేదట!" అని అరిచాను. నా జన్మలో నేను రోడ్డు మీద అరవడం అదే మొదలు.