అమ్రాబాద్ పలికింది

దయ్యాలను, గాలి సోకడాన్ని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. చిన్నప్పుడు అమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కడితే, వీధి మలుపు తిరగ్గానే విప్పి జేబులో వేసుకునేవాణ్ణి. బడి నుంచి వచ్చేటప్పుడు మళ్లీ కట్టుకునేవాణ్ణి. అలాంటివాణ్ణి కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పడమే తప్ప దీనికి వేరే పేరు పెట్టను.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ దశాబ్దంలో నేను వనపర్తిలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. దాంతోపాటు జీతం లేని ఇంకో పని కూడా ఉండేది. నెట్‌వర్కును పరీక్షించే ఒక చిన్న ప్రోగ్రాంకు డాక్యుమెంటేషన్, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం లాంటిది, నా చేతిలో ఉండేది. ప్రోగ్రాం రాసినతను వేరే దేశంలో ఉంటాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులో ఒక తప్పు కనిపిస్తే మెయిల్ రాశాను. అతను దిద్దుకుని, మిగతాది కూడా నువ్వే చూసుకోమని మొత్తం నాకు అప్పగించాడు.

ఆ ప్రోగ్రాంకు బొమ్మలుండవు, మౌసు పని ఉండదు. నల్లటి తెర మీద ఒక వరుస టైపు చేసి ఎంటర్ కొట్టాలి. అప్పుడది నెట్‌వర్కులోని ఒక్కో నెంబరును పిలుస్తూ పోతుంది, క్లాసులో హాజరీ పిలిచినట్టు. పలికిన యంత్రాల పేర్లు కింద వరుసగా వస్తాయి. అంతే.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మారేది. నిన్నటిదాకా ఒక పని చేసిన అక్షరం ఇవాళ ఇంకో పని చేస్తుంది. అప్పుడు పాత వాక్యాలు దిద్దాలి, ఉదాహరణలు మళ్లీ నడిపి చూడాలి, తెర మీద వచ్చింది వచ్చినట్టే పెట్టాలి. ఊహించి రాయకూడదు. మీది కాని నెట్‌వర్కు మీద దీన్ని నడపొద్దని మొదటి పేజీలోనే రాసి ఉంటుంది కాబట్టి, నేను మా ల్యాబు మీదనే నడిపేవాణ్ణి.

మా ల్యాబులో యంత్రాలకు పిల్లలు వచ్చే ఊళ్ల పేర్లు పెట్టాను. ధరూర్, బిజినేపల్లి, అమ్రాబాద్, కొల్లాపూర్. ‘సార్, బిజినేపల్లి హ్యాంగైంది’ అని ఒకరు అరిస్తే క్లాసంతా నవ్వేది.

మొదట్లో ల్యాబు వెనక రేకుల షెడ్డులో ఉండేది. తర్వాత ముందు బిల్డింగులోకి మార్చారు. కొత్త యంత్రాలు కొన్నారు, ఊళ్ల పేర్లు పోయి నెంబర్లు వచ్చాయి. షెడ్డు సామాను గది అయింది. అమ్రాబాద్ అప్పటికే చెడిపోయింది. దానికి కరెంటు అందించే డబ్బాను, ఎస్‌ఎంపీఎస్ అంటాం, నేనే విప్పి వేరే దానికి బిగించాను. మిగిలిన ఖాళీ పెట్టెను షెడ్డులో ఇనుప బీరువా మీదికి ఎక్కించాను.

అది ఎండాకాలం సెలవుల్లో జరిగింది. కాలేజీలో పిల్లలు లేరు. కొత్త వెర్షన్ రాబోతుంటే, పగటి పూట ఏసీ ఉంటుందని ల్యాబుకు వచ్చి డాక్యుమెంటేషన్ దిద్దుతున్నాను. ఆ వెర్షన్‌లో, పలికిన ప్రతి యంత్రం పక్కన దాన్ని తీగకు కలిపే నెట్‌వర్కు కార్డు నెంబరు కూడా చూపించమనడానికి టైపు చేసే అక్షరం మారింది. ఆ నెంబరు ఫ్యాక్టరీలోనే కార్డు మీద ఎక్కిస్తారు. ఒక కార్డుకు ఉన్నది ఇంకోదానికి ఉండదు.

ఉదాహరణ మళ్లీ నడిపాను. పాతదాన్ని, కొత్తదాన్ని పోల్చి మారిన వరుసలను చూపే ఇంకో ప్రోగ్రాం ఉంటుంది. దానికి రెండూ ఇచ్చాను. పాత ఉదాహరణ షెడ్డు రోజులది. అందులో ఉన్న యంత్రం ఒక్కటీ ఇప్పుడు లేదు కాబట్టి అన్ని వరుసలూ మారాలి.

ఒక్క వరుస మారలేదు. అమ్రాబాద్ పలికింది. పేరు అదే, కార్డు నెంబరూ అదే.

నాకు భయం వేయలేదు. విసుగు వచ్చింది. పేరు సంగతి తేలిక, నా కంప్యూటర్లో పాత పేర్ల పట్టిక ఎక్కడో మిగిలి ఉండొచ్చు. కార్డు నెంబరు అలా మిగలదు. మళ్లీ నడిపాను. మళ్లీ పలికింది. ప్రోగ్రాం తప్పు చూపిస్తోందంటే, వెర్షన్ బయటికి పోకముందే దాన్ని రాసినతనికి చెప్పాలి. చెప్పేముందు, ఎవరైనా ఆ పెట్టెను కిందికి దించి బాగు చేసి తగిలించారేమో చూసి రావాలి. నేను లేచింది అందుకే.

గేటు దగ్గర వాచ్‌మన్ బాలస్వామి వేపచెట్టు కింద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. షెడ్డు తాళంచెవి అడిగాను.

“గిప్పుడా సార్? ఎండ మండిపోతున్నది. అండ్ల ఏమున్నది, అంత తుక్కే.”

“ఎవరన్న పోయిండ్రా లోపలికి?”

“ఇప్పుడైతే ఎవ్వరు లేరు. తలుపు తెరిసుండె, తాళంచెవి తాళానికే ఉండె, పొద్దుగాల నేనే తాళమేసిన. లోపల ఎవరన్న ఉన్నరా అని పిలిసిన గూడ. ఎవ్వరు పలకలే.”

“తలుపు ఎవరు తెరిచిండ్రు మరి?”

బాలస్వామి షెడ్డు వైపు చూశాడు. “సుజాత మేడం అండ్ల పాత బోర్డులు కావాల్నని తాళంచెవి అడిగి తీస్కపోయింది. పని అయినంక గద్వాల బస్సుకు పోతనన్నది. పోయే ఉంటది.”

సుజాత మేడం ఎలక్ట్రానిక్స్ చెప్పేది. మా అందరికన్నా పెద్దావిడ, గద్వాల నుంచి రోజూ బస్సులో వచ్చేది. షుగర్ ఉంది. ఆమె వెళ్లడం చూశావా అని అడిగితే బాలస్వామి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డు వైపు నడిచాడు.

తలుపు తీయగానే వేడి మొహానికి కొట్టింది. లోపల, పాత బల్లల వెనక, మేడం ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. చీర చెమటతో తడిసిపోయింది. చుట్టూ సర్క్యూట్ బోర్డులు చెల్లాచెదురుగా పడ్డాయి. తలుపు దగ్గర నిలబడి చూస్తే ఆమె కనిపించదు. బాలస్వామి తప్పేమీ లేదు, నేనైనా అలాగే తాళం వేసేవాణ్ణి.

“మేడం, ఓ మేడం! సార్, ఊపిరున్నది సార్!”

ఇద్దరం కలిసి బయటికి మోశాం. రోడ్డు మీద పోతున్న ఆటోను బాలస్వామి అడ్డం నిలబడి ఆపాడు. అందులో ఉన్న ముసలాయన, బస్తాలతో సహా మారుమాట లేకుండా దిగిపోయాడు. దవాఖానకు చేరేదాకా నేను ఆమె తల పట్టుకుని కూర్చున్నాను. షుగర్ బాగా పడిపోయిందని, ఆ రేకుల కింద సాయంత్రం దాకా ఉంటే బతికేది కాదని డాక్టరు చెప్పాడు. బాలస్వామి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు ఏడ్చాడు.

నేను కాలేజీకి తిరిగి వచ్చేసరికి ల్యాబు కంప్యూటర్ అలాగే నడుస్తోంది. అదే వరుస మళ్లీ టైపు చేశాను. కొత్త యంత్రాలన్నీ పలికాయి. అమ్రాబాద్ పలకలేదు.

మళ్లీ షెడ్డుకు పోయాను. పెట్టె బీరువా మీద, నేను పెట్టినచోటే ఉంది. స్టూలు వేసుకుంటే తప్ప అందదు. మీద దుమ్ము కదల్లేదు. లోపల ఎస్‌ఎంపీఎస్ ఉండాల్సిన చోటు ఖాళీ. కార్డు మాత్రం ఉంది, దాని మీద అదే నెంబరు. షెడ్డుకు ఒకప్పుడు వేసిన నెట్‌వర్కు తీగ చుట్ట చుట్టి మేకుకు వేలాడుతోంది. ల్యాబు మార్చినప్పుడే దాన్ని లాగేశారు.

మర్నాడు మేడాన్ని చూడ్డానికి వెళ్లాను. గద్వాల నుంచి వాళ్లాయన వచ్చి మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. నేను చూసింది ఆమెకు ఇంకా చెప్పలేదు. ముందు అడిగాను.

“మేడం, లోపల పడ్డంక ఏమన్న యాదికున్నదా?”

“జర సోయి వచ్చింది రఫీ. తలుపేసిన సప్పుడు ఇన్న. బాలస్వామి పిలిసింది గూడ ఇన్న. పలుకుదమంటే గొంతు రాలే, చెయ్యి లేవలే.” ఆమె దిండు మీద తల సర్దుకుంది. “కానీ నాకు భయం కాలే. నువ్వు లోపల్నే ఉన్నవనుకున్న.”

“నేనా?”

“కంప్యూటర్ నడుస్తుంటే ఫ్యాన్ సప్పుడు అయితది సూడు, గట్ల అయితుండె. నువ్వే ఏదో పాతది ఆన్ చేసి చూస్తున్నవనుకున్న. మనిషి ఉన్నడు గదా, ఎప్పుడో ఒకప్పుడు ఇటు చూస్తడు అనుకున్న. కండ్లు మూసుకున్న.”

వాళ్లాయన బత్తాయి తొన ఆమె చేతిలో పెట్టాడు. “షుగర్ డౌనైతే చెవులల్ల గట్లనే గుయ్యిమంటది. డాక్టరు గూడ అదే చెప్పిండు.”

కావచ్చు. ఆమె విన్నదానికి ఆ మాట సరిపోతుంది. నేను చూసినదానికి సరిపోదు. పైగా ఆ పాత యంత్రాల్లో చప్పుడు చేసే ఫ్యాన్ ఎస్‌ఎంపీఎస్‌లోనే ఉండేది. దాన్ని విప్పింది నేనే. ఆ సంగతి అక్కడ అనలేదు.

ప్రోగ్రాం రాసినతనికి మనుషుల ఊసెత్తకుండా తెర మీద వచ్చింది మాత్రమే పంపాను. అతను ఓపికగా జవాబు రాశాడు. పాత సమాచారం ఎక్కడో దాగి ఉండొచ్చు, రెండు కార్డులకు ఒకే నెంబరు పడి ఉండొచ్చు అన్నాడు. చెప్పినవన్నీ ఒక్కోటీ పరీక్షించాను. ఏదీ కాదు. ఆ కార్డును తీసి మంచి యంత్రంలో పెట్టాను. మామూలు కార్డులాగే పని చేసింది, తీసేస్తే పలకడం మానేసింది.

మేడం సెలవులయ్యాక మళ్లీ పాఠాలకు వచ్చింది. చేతి సంచిలో ఎప్పుడూ బెల్లం ముక్క పెట్టుకునేది. నేను చూసింది ఆమెకు ఒకరోజు చెప్పాను. ఆశ్చర్యపోలేదు. “మంచిగైంది నువ్వు లేసి వచ్చినవు” అంది, అంతే.

కొత్త వెర్షన్ బయటికి పోయే ముందు ఉదాహరణలో ఆ వరుస తీసేశాను. చదివేవాడు నడిపి చూసుకోలేనిది డాక్యుమెంటేషన్‌లో ఉండకూడదు. ఇంకోచోట, ఆపి ఉన్న యంత్రం ఈ పిలుపుకు జవాబివ్వదు అని ఒక వాక్యం ఉండేది. దాన్ని చాలాసేపు చూశాను. చివరికి, జవాబివ్వదు అన్నదానికి ముందు ‘సాధారణంగా’ అనే మాట చేర్చాను.

కొన్నాళ్లకు ముక్కూమొహం తెలియని ఒకతను మెయిల్ రాశాడు. సాధారణంగా అంటే అర్థమేమిటి, ఆపి ఉన్న యంత్రం ఏ సందర్భంలో జవాబిస్తుంది అని. అడగాల్సిన ప్రశ్నే. నేనైనా అడిగేవాణ్ణి. రెండు రోజులు ఆలోచించి, ఒకసారి చూశాను, ఎందుకో నాకు తెలియదు అని రాశాను. అతను మళ్లీ రాయలేదు. ఆ మాటను నేను తీసేయనూ లేదు.