సారు పాఠం వినని సముద్రం

మా చిన్నాయన సముద్రం మొహం చూడకుండానే ఉద్యోగమంతా దాని గురించి పాఠాలు చెప్పాడు. నాగర్‌కర్నూల్ వైపు బళ్లలో సాంఘికశాస్త్రం పంతులు. సముద్రం పొంగే పోటూ, తగ్గే పాటూ పాఠం వచ్చిందంటే ఆయనకు పండగే. బోర్డు మీద గుండ్రంగా భూమిని గీసి, చుట్టూ నీళ్లు గీసి, ఆ నీళ్లను రెండు వైపులా కోడిగుడ్డులా సాగదీసి, పక్కన చంద్రుణ్ని పెట్టి చేతులు దులుపుకునేవాడు. ఆ దులుపుకోవడం చూస్తే సముద్రాన్ని తవ్వించింది ఈయనేనేమో అనిపించేది. రిటైరై తెలకపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు గానీ ఆ ధీమా మాత్రం రిటైరు కాలేదు. ఇంట్లో అందరం ఆయన్ని సారు అనే పిలుస్తాం. వదిన వరసైన మా అమ్మ కూడా అంతే. అలా పిలవకపోతే పలకడు.

ఆయన అన్న మా నాయన. ఇటిక్యాల దగ్గర కాలువ మీద లష్కరు, అంటే తూము గేట్లు ఎత్తి దించే మనిషి. మా దగ్గర నీళ్లు ప్రకృతి కాదు, పైవాళ్ల దయ. ఎగువన కర్ణాటకలో డ్యాములు నిండి, ఇక పట్టలేక గేట్లెత్తితే మాకు కృష్ణ వస్తుంది. వెంటనే మా నాయకులు వెళ్లి పసుపూ కుంకుమా చల్లి, ఆ నీళ్లను తామే మోసుకొచ్చినట్టు ఫొటోలు దిగుతారు. ఎండాకాలం వచ్చేసరికి బీచుపల్లి దగ్గర నదిలో బండలు తేలతాయి. అప్పుడు ఫొటోలకు ఎవరూ రారు. నీళ్లు పెరిగాయంటే ఎవరో గేటు ఎత్తారు, తగ్గాయంటే ఎవరో దించారు. అంతకుమించిన జలశాస్త్రం మా ఇంట్లో సారుకు తప్ప ఎవరికీ లేదు.

నాయన మంచం పట్టినప్పుడు అమ్మతో ఒక మాట అన్నాడు. "ఇన్నేండ్లు నీళ్లు కిందికి ఇడిసిన. అవి యాడికి పోతయో సూడనే లేదు. నన్ను ఆడ కలుపున్రి." తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. అస్థికలు చాలావరకు అందరిలాగే బీచుపల్లిలో కలిపాం. కొన్ని మాత్రం చిన్న ముంతలో పోసి, మూతికి తెల్లగుడ్డ కట్టి, ఇంట్లో ఉంచకూడదు కాబట్టి బయట వేపకొమ్మకు వేలాడదీశాం. అమ్మ పొద్దున లేస్తే ముందు ఆ ముంతనే చూసేది. మా అన్ననూ, వనపర్తి నుంచి వచ్చిపోయే నన్నూ పట్టుకుని ఎప్పుడు పోదామని అడిగేది.

"ఆయిన గట్ల ఏలాడుతుంటే నాకు బువ్వ పోతలేదు బిడ్డా. జెప్పన సాగనంపున్రి."

సముద్రం అనే మాట ఆ ఇంట్లో వినబడ్డాక సారు ఊరుకుంటాడా? పెత్తనం మొత్తం చేతిలోకి తీసుకున్నాడు. అమావాస్య నాడే పోవాలన్నాడు. పితృదేవతలకు మంచిదని కాదు, అమావాస్యకూ పున్నమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో నిలబడి గుంజుతారు కాబట్టి. ఆ రోజుల్లో పోటూ పెద్దదే, పాటూ పెద్దదే. అష్టమికి ఇద్దరూ చెరో దిక్కు గుంజుతారు కాబట్టి సముద్రం పెద్దగా కదలదట.

"పెద్ద పాటుల ఇడిస్తే అన్న నడి సముద్రంల తేలుతడు. నాకిడిసిపెట్టున్రి" అన్నాడు.

విడిచిపెట్టాం. అదే మేం చేసిన పని.

రాత్రంతా కారులో ప్రయాణించి బాపట్ల దగ్గర సముద్రానికి చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. మాట్లాడుకున్న అయ్యగారు అప్పటికే దర్భలతో సిద్ధంగా ఉన్నాడు. మంత్రాలయ్యాయి, పిండాలయ్యాయి, ఇక నీళ్లలో విడవడమే మిగిలింది. సారు చెయ్యి అడ్డం పెట్టాడు. అమావాస్య నాడు చంద్రుడు సూర్యుడితోపాటే మిట్టమధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు, కాబట్టి పోటు మధ్యాహ్నానికి, పొద్దు వాలాక మంచి పాటు, అప్పుడే విడవాలి అన్నాడు. అయ్యగారు ఆయన్ని పైకీ కిందికీ చూశాడు.

"సముద్రానికి సమయం ఉంటుందేమోనండీ, నాకు లేదు. అవతల ఇంకో కార్యం ఉంది" అని తన సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

ముంత అమ్మ ఒళ్లో ఉంది. దింపమంటే దింపలేదు. సారు మమ్మల్ని చెట్ల నీడన కూర్చోబెట్టి, తాను సముద్రానికి వీపు పెట్టి నిలబడి క్లాసు మొదలుపెట్టాడు. కొబ్బరికాయ భూమి. నిమ్మకాయ చంద్రుడు. సూర్యుడికి ఏమీ దొరక్క, మిగిలిన పిండం అందుకోబోతే అన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. సూర్యుడు లేకుండానే పాఠం నడిచింది.

"సారూ, చంద్రుడు ఒక దిక్కే ఉంటే నీళ్లు రెండు దిక్కుల ఎందుకు లేస్తయి?" అని నేనే అడిగాను. బడి రోజుల్నించీ ఉన్న అనుమానం.

"జాతరకు ముగ్గురు పోతున్నరనుకో. చంద్రుని దిక్కున్న నీళ్లు ముందటోడు, ఉరుకుతడు. భూమి నడిమోడు, నడుస్తడు. ఆవలి నీళ్లు ఎనకటోడు, కాళ్లీడుస్తడు. ముందటా సందైతది, ఎనకా సందైతది. గా రెండు సందులే రెండు పోట్లు. కింద భూమి తిరుగుతుంటది గద, ఒక్క దినంల రెండూ మన ముందటికొస్తయి. చంద్రుడు గూడ జర్రంత ముందుకు నడుస్తుంటడు, గందుకే దినాం కొంచెం ఆలస్యం."

నిజం చెప్పాలంటే బాగానే చెప్పాడు. ఆయన చెబుతున్నంతసేపూ ఆయన వీపు వెనక సముద్రం మెల్లగా వెనక్కి పోతూ తడి ఇసుకను వదిలేస్తూ ఉంది. అన్న చూశాడు. "సారూ, నీళ్లు ఎనక్కి పోతున్నట్టున్నయి గద" అన్నాడు.

"అవి అలలు. అలలు గాలికొస్తయి, పోటు చంద్రునికొస్తది. రెండూ ఒకటి గాదు. మధ్యల మాట్లాడకు."

పొద్దు వాలింది. సారు గడియారం చూసుకుని, పంచె ఎగ్గట్టి, అమ్మ ఒళ్లోంచి ముంత తీసుకున్నాడు. మూతిగుడ్డ విప్పొద్దన్నాడు. ఒడ్డున పోస్తే ఏం లాభం, ముంతతోనే లోపలికి పోవాలట. మోకాలిలోతుకు దిగి, "అన్నా, పోయిరా" అని విడిచాడు. ముంత కాసేపు తల ఊపింది. తర్వాత ఒక అల దాన్ని తెచ్చి సారు కాళ్ల దగ్గర పెట్టింది. ఇంకొంచెం లోపలికి పోయి విడిచాడు. మళ్లీ వచ్చింది. నడుములోతుకు పోయి, దండ విసిరినట్టు విసిరాడు. ఈసారి ఆయన్ని దాటి ఒడ్డుకు వచ్చేసింది. మేం విడిచిన చెప్పులు అప్పటికే నీళ్లలో తేలుతున్నాయి. పక్కన సెల్ఫీలు దిగుతున్న జనం ఇప్పుడు మా వైపు తిప్పారు ఫోన్లు.

అమ్మ ముంత ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. వస్తున్న నీళ్ల వైపు చూసి, "పైన ఎవలో గేట్లెత్తిన్రు" అంది. మాకు నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు.

"ఆయినను గిట్ల బంతి లెక్క ఆడిస్తున్నవేంది సారూ? పోనియ్యవా? పొద్దుగాల్నే పంపుదమంటే ఆపితివి. ఆయిన పోవాలె. నా కండ్ల ముందట పోవాలె. ఇంకేమడిగిన నేను?"

సారు వంగి, తేలుతున్న మా చెప్పులు ఏరడం మొదలుపెట్టాడు. నీళ్లు కారుతున్న పంచెతో వాటిని ఒడ్డుకు మోశాడు. నాకు జాలి వేయలేదు. లోపల చల్లగా అనిపించింది, అబద్ధమెందుకు.

ముంతను లాడ్జిలోకి రానివ్వరు కదా, సరుగుడు చెట్టుకు వేలాడదీసి, కాపలాకు అన్న కారు సీట్లో పడుకున్నాడు. తెల్లవారి చూస్తే సారు గదిలో లేడు. ఒడ్డున కూర్చుని ఉన్నాడు. ముందు ఇసుకలో వరసగా పుల్లలు గుచ్చి, నీళ్లు ఏ పుల్ల దాకా వచ్చాయో చూస్తున్నాడు. అన్నేళ్లు చంద్రుణ్ని గీసిన మనిషి నీళ్లను చూడటం అదే మొదలు. నేను పక్కన కూర్చున్నాను.

"లెక్క ఎక్కడ తప్పింది సారూ?"

"పుస్తకంల భూమి చుట్టూ నీళ్లే ఉంటయి బిడ్డా. ఒడ్డు ఉండదు. చంద్రుడు గుంజుడు నిజమే. కాని నీళ్లకు గట్టు అడ్డమొస్తది, ఒక తాన లోతు, ఒక తాన మెరక. చంద్రుని ఎంబడి ఉరకలేవు, ఎనకబడ్తయి. ఏ ఒడ్డుకు ఆ ఒడ్డుకు టైము వేరు. ఒకతాన మోకాలెత్తు లేస్తే ఇంకోతాన ఇల్లంత లేస్తదంట. ఇది నేను ఎన్నడూ చెప్పలే. ఎవడూ అడగలే."

టిఫిన్ల వేళ దాటాక పై పుల్ల బయటపడింది. ఆ తర్వాత రెండోది. సారు లేచి, "వదినా, ఇగ పోతున్నయి" అన్నాడు, గొంతు తగ్గించి. ఈసారి ఆయన ముంత ముట్టుకోలేదు. అమ్మే మూతిగుడ్డ విప్పింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగి, వంగి, పిల్లాడికి స్నానం చేయించినంత మెల్లగా పోసింది. బూడిద ఒక్క క్షణం ఆమె కాళ్ల చుట్టూ తిరిగింది. వెనక్కి లాగే నీళ్లతో వెళ్లిపోయింది.

పని అయిపోయింది, ఎండ ముదరకముందే బయల్దేరదామని అన్న కారు తిప్పడానికి వెళ్లాడు. అమ్మ కదల్లేదు. తడి చీరతోనే ఇసుకలో కూర్చుంది. సారు వైపు తిరిగింది.

"సారూ, ఈ నీళ్లు మల్ల ఒడ్డుకు ఎప్పుడొస్తయి?"

"పొద్దుమీకి వదినా, పొద్దు గూకే యాలకు."

"అయితే పొద్దుమీకి దాంక ఉందాం."

పోయిన బూడిద రాదని ఆయన చెబుతాడనుకున్నాను. పోటంటే ఏమిటో, పోటు దేన్ని తెస్తుందో, దేన్ని తేదో చెబుతాడనుకున్నాను. సారు వచ్చి అమ్మ పక్కన, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. నేను లేచి, కారు ఆపమని అన్నకు చెప్పడానికి వెళ్లాను.